సత్తం, సత్తెం

సంజె దీపం ముందు మా అత్త పాట మానేసిందన్న సంగతి నాకు మొదట చెప్పింది మా చెల్లెలు, అరుప్పుకోట్టై నుంచి ఫోనులో. అత్త అంటే మా నాయిన అక్క. చెల్లెలి ఇంట్లోనే ఉంటుంది. గోడకవతల పవర్‌లూములు, పొద్దస్తమానం మగ్గాల హోరు.

"తన గొంతు తనకే వినబడ్డం లేదంట. అమ్మవారి ముందర తప్పు పాడకూడదని నోరు కట్టేసుకుంది," అనింది.

మా ఇలవేల్పు పాటను మేము రాసుకోము. పాడేవాళ్ళ ఎదురుగా కూర్చుని, నోరు చూసి నేర్చుకోవాలి. నాకు సగమే వచ్చు. చివరి చరణాలు ఇప్పుడు అత్తకొక్కదానికే తెలుసు. బడికి పోని నాకు, బియ్యప్పిండిలో వేలు పట్టించి తెలుగు అక్షరాలు దిద్దించింది కూడా ఆమే.

మా అమ్మాయి కోవిల్‌పట్టిలో ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తుంది. అందుకని చెవుల్ని పూర్తిగా మూసే పెద్ద హెడ్‌ఫోన్ కొనుక్కుంది. వైరు ఉండదు, బయటి హోరును అణిచేస్తుంది. "అవ్వకి పెట్టి చూద్దామ్మా," అని దాన్ని సంచిలో వేసుకుని నాతో బస్సెక్కింది.

మా తమిళనాడు బడిలో అరవం చదివిన పిల్ల. అత్త ముందు కూర్చుని గట్టిగా చెప్పింది: "అవ్వా, ఇది సత్తం ఆపుతుంది."

అత్త వెనక్కి జరిగింది. "సత్తెం ఆపుతుందా? సత్తెం ఆపేదాన్ని నా నెత్తిన పెడతావా? నా తల్లి ఊరుకుంటుందా?"

చెల్లెలు నవ్వాపుకోలేక, "సత్తెం కాదత్తా, సత్తం! అరవంలో సత్తమంటే సద్దు!" అని చెవి దగ్గర అరిచింది.

"ఆ ఏడుపేదో తెలుగులో ఏడవచ్చు కదా," అని అత్త తల వంచింది.

అమ్మాయి దాన్ని తలకు తగిలించి మీట నొక్కింది. పాటేమీ పెట్టలేదు. అత్త తలెత్తి తిరుగుతున్న ఫ్యాను వంక చూసి, "కరెంటు పోయిందా?" అనింది.

మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. ఆ వీధిలో వాటి హోరు ఆగేది కరెంటు పోయినప్పుడే మరి.

"అమ్మా," అని మెల్లిగా అని చూసుకుంది. గొంతు తలలోపలే మోగినట్టుంది, కళ్ళు విప్పారాయి. చెల్లెలు దీపం వెలిగించింది. అత్త పాట ఎత్తుకుంది. నాకు తెలిసిన సగం దాటాక ఒకచోట ఆగిపోయింది. పెదవులు ఊరికే కదిపి, వెతుక్కుని, మళ్ళీ అందుకుంది. నేను ఆమె నోరే చూస్తూ వెనకాలే అన్నాను. నా వెనకాల అమ్మాయి.

అయ్యాక అత్త దాన్ని తీసివ్వబోతే, "ఉండనీ అవ్వా, నాకు వేరేది ఉందిలే," అని మా పిల్ల అబద్ధమాడింది. అమ్మవారు క్షమిస్తుంది.

ఆ హెడ్‌ఫోన్ చేసినవాళ్ళెవరో, వాళ్ళ చేతులు చల్లగా ఉండాలి. శుక్రవారాలు అత్త దగ్గరికి పోతున్నాను. చివరి చరణం ఇంకా నా నోట్లో తడబడుతోంది. అది నాకు పట్టుబడేదాకా ఆ గొంతు నిలవాలి. మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు మా అత్తను ఒక్కసారి తలచుకోండి.