భోజనశాల బయట చెప్పుల వరుస

బోయిగూడలో మా వీధి చివర ఇస్త్రీ బండి ఉంది. ఈ ఉదయం గంజి పెట్టిన తెల్ల నూలు చీర మీద వేడి పెట్టె ఆనగానే లేచిన ఆవిరి వాసనకు నా అడుగులు ఆగిపోయాయి. రూత్ మేడమ్ కంటే ముందు ఆ వాసన మా ప్రార్థన గదిలోకి వచ్చేది. తిరుమలగిరిలోని మా చిన్న బడికి ఆవిడ ప్రధానోపాధ్యాయురాలు. నేను అక్కడ లెక్కల టీచరుగా చేరాను.

దుస్తుల విషయంలో ఆవిడది గట్టి పట్టు. చేరిన కొత్తలో నన్ను వరండాలో ఆపి అన్నారు: "విజయా, నీ లెక్క తప్పితే ఒక్క పిల్ల అడుగుతుంది. కుచ్చిళ్లు జారితే క్లాసంతా చూస్తుంది. సర్దుకుని వెళ్లు." ప్రార్థన గది బయట, ఆవిడ వెళ్లే చర్చిలోలాగే, చెప్పులు విడవాలి, వాటినీ వరుసగా పెట్టాలి. ఏళ్లు గడిచేసరికి అది మా కాళ్లకే అలవాటైపోయింది.

పదవీ విరమణ తర్వాత ఆవిడకొక ముచ్చట మిగిలింది. విహార నౌక ఎక్కి, పెద్ద భోజనశాలలో తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర అందరం కలిసి తినాలి. ఆవిడా, నేనూ, సైన్సు చెప్పే సరళా, బడి ఆయా యాదమ్మా బయలుదేరాం. చివరి సాయంత్రం విందుకు ఫార్మల్ దుస్తులు తప్పనిసరి అని గదికి కాగితం వచ్చింది.

"గౌను కొనుక్కోవాలా మేడమ్?" అంది సరళ.

"ఫోటోలో మీ ఆయన నిన్ను గుర్తుపట్టకూడదనుకుంటే కొనుక్కో."

మేడమ్ ఆదివారపు తెల్ల చీర కట్టుకున్నారు, మేము పట్టుచీరలు. ఆ తివాచీ, నిశ్శబ్దం, తెల్లని బల్లలు చూడగానే, ఎవరూ చెప్పకుండానే నలుగురం చెప్పులు విడిచి గోడవారగా వరుస పెట్టేశాం. తలుపు దగ్గరి యువకుడు నవ్వు ఆపుకుంటూ, చెప్పులు లేకుండా రాకూడదని మర్యాదగా చెప్పాడు. మేమూ నవ్వుకుంటూ తొడుక్కున్నాం. అప్పుడతని చూపు యాదమ్మ రబ్బరు చెప్పుల మీద పడింది. అవి కుదరవన్నాడు.

యాదమ్మ ముఖం చిన్నబోయింది. "కొత్తయి కొన్న గాని మేడమ్, మడమ కొరికి పుండు చేసినయ్. మీరు పోయి తినుర్రి. నేను రూమ్‌ల బిస్కట్లు తింట."

"ఒక్క పూటకు బతిమాలుదాం మేడమ్," అంది సరళ.

"వద్దు. మన గేటు దగ్గర నేనెంతమందిని ఆపలేదు! వాళ్ల గది, వాళ్ల రూలు." మేడమ్ లోపలి దీపాల వైపు ఒకసారి చూశారు. మర్నాడు ఓడ దిగిపోతాం. తర్వాత యాదమ్మ చెయ్యి పట్టుకున్నారు. "పద. పై అంతస్తులో ఏం తొడుక్కుని వెళ్లినా అన్నం పెడతారట."

"అయ్యో, నా వల్ల మీ ముచ్చట పాడాయె గదా!"

"కలిసి తినాలన్నాను గానీ, ఫోర్కులతో తినాలన్నానా?"

పైన గాలికి కాగితపు రుమాళ్లు ఎగిరిపోతుంటే, పట్టుచీరలతో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. మేడమ్ కొంగు తలమీద కప్పుకుని ప్రార్థన చేసి, మొదట యాదమ్మకు వడ్డించారు. ప్రతి ఖర్చూ రాసుకునే నేను, ఆనాటి డైరీలో ఎవరెవరం కలిసి తిన్నామో మాత్రమే రాసుకున్నాను.

మేడమ్ ఇప్పుడు లేరు. ఆవిడ కుర్చీలో నేనున్నాను. నియమాలను సడలించలేదు, సడలిస్తే ఆవిడకు నచ్చదు. కానీ వాటి పేరుతో ఎవరినైనా గుమ్మం దగ్గర ఆపవలసి వచ్చిన రోజున, మధ్యాహ్నం నా టిఫిన్ డబ్బా పట్టుకుని నేనూ వెళ్లి బయటి బెంచీ మీద వాళ్ల పక్కనే కూర్చుంటాను.