ఎడమ పక్క నడక

రిటైరయ్యాక నాకు రెండు అలవాట్లు అంటుకున్నాయి. ఒకటి అడిగినా అడక్కపోయినా సలహాలు చెప్పడం, రెండోది కోడి కంటే ముందు లేవడం. సలహాలు వినే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు. అందుకని పొద్దున్నే లేచి గోల్ఫ్ ఆడటానికి పోతాను.

మంచిర్యాల దిక్కు బొగ్గుబావుల ఊళ్లో గోల్ఫ్ ఏమిటని కరీంనగర్ చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. వాళ్ల తప్పేమీ లేదు. టీవీలో చూపించే పచ్చటి మైదానం కాదు మాది. కింద ఎప్పుడో బొగ్గు తవ్వేసిన నేల. ఇళ్లు కడితే కుంగుతుందని కంపెనీ ఖాళీగా వదిలేసింది. తుమ్మచెట్లు, గునుగు పొదలు, మేస్తూ తిరిగే బర్రెలు, వాటి మధ్య మా జెండాలు. జెండా పాతిన గుంత చుట్టూ గడ్డి బదులు ఇసుక ఉంటుంది. గాలికి లేచిపోకుండా అందులో వాడేసిన ఇంజన్ నూనె కలుపుతారు. దాన్ని మేం బ్రౌన్ అంటాం. బంతిని గుంతలో వేశాక మన అడుగుల గుర్తులు పోయేలా గోనెపట్టా లాగి, వెనక వచ్చేవాళ్ల కోసం ఇసుకను చదును చేయాలి. ఆట రాకపోయినా ఎవరూ ఏమనుకోరు గానీ, పట్టా లాగకుండా పోయినవాడితో మాట్లాడటం మానేస్తారు.

నేను బావిలో సర్వేయర్‌గా పనిచేశాను. భూమి లోపల దారి ఎటు పోతోంది, పక్కనున్న పాత గని ఎంత దూరంలో ఉంది, ఇవన్నీ కొలిచి పటం గీయడం నా పని. కొలత తప్పితే నీళ్లు నిండిన పాత గనిలోకి తవ్వుకుంటూ పోయే ప్రమాదం ఉంటుంది. నా పటం ఏనాడూ తప్పలేదు. అందుకే నా చూపంటే నాకు బాగా పొగరు.

గోల్ఫ్ కూడా ఆ కొలతల పుణ్యమే. అప్పట్లో కొత్తగా వచ్చిన మేనేజరు దొరకు ఆ ఆట పిచ్చి. గుంతలు ఎక్కడెక్కడ ఉండాలో కొలిచి పెట్టమని నన్ను పిలిపించాడు. కొలిచి పెట్టాక, తన కర్ర నా చేతికిచ్చి కొట్టి చూడమన్నాడు. బంతి కదల్లేదు, మట్టిపెళ్ల మాత్రం లేచి చాలా దూరం పోయింది. దొర పడీపడీ నవ్వాడు. నాకు రోషం వచ్చింది. ఆ రోషంతోనే ఉద్యోగమంతా ఆడాను, రిటైరయ్యాకా ఆడుతున్నాను.

మా బాపు సిరిసిల్లలో పవర్‌లూమ్ నడిపినవాడు. ఒకసారి మా క్వార్టర్‌కు వస్తే సంబరంగా మైదానానికి తీసుకుపోయి నా ఆట చూపించాను. చేతులు వెనక్కి కట్టుకుని చివరిదాకా చూశాడు. "మంచిగనే కొడుతున్నవు బిడ్డా. చిన్నప్పుడు చిర్రగోనె ఆడుతున్నవని నిన్ను కొట్టిన. గింత నౌకరి దొరికినంక మళ్ల గదే ఆడవడితివి" అన్నాడు. గోల్ఫ్‌ను కర్రతో బిళ్లను కొట్టే పిల్లల ఆటతో కలిపేసిన ఆ మాటను మా ఆవిడ భద్రంగా దాచుకుంది. నా మీద కోపం వచ్చినప్పుడల్లా బయటికి తీస్తుంది.

ఆమె చెన్నూరు దగ్గర రైతుబిడ్డ. ఖాళీ నేలను చూస్తే ఆమె ప్రాణం ఊరుకోదు. "గింత జాగల పెసర్లు చల్లినా ఏడాది పప్పుకు ఫికర్ లేకుండె" అనేది. మైదానం గట్టు మీదికి కూడా వచ్చేది కాదు. నేను షిఫ్టులకు పోతే ఇల్లు నడిపిందీ, బిడ్డను చదివించిందీ ఆమే. బిడ్డ ఇప్పుడు కరీంనగర్‌లో టీచరు.

పోయిన ఎండాకాలం ఎడమ భుజం దర్వాజకు తగలడం మొదలైంది. ఎడమ చేతి పక్కన పెట్టిన చాయ్ గ్లాసు రోజూ పడిపోయేది. అక్కడ పెట్టినందుకు మా ఆవిడ మీద కేకలేసేవాణ్ని. బిడ్డకు అనుమానం వచ్చి మా ఇద్దరినీ కరీంనగర్‌లో కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. నీటికాసులు, అదే గ్లకోమా, అన్నాడు డాక్టరు. ఎడమ వైపు పక్కచూపు దాదాపు పోయిందట, పోయింది మళ్లీ రాదట. చుక్కల మందు వేసుకుంటే మిగిలింది కొన్నాళ్లు నిలవొచ్చు, ఎన్నాళ్లో చెప్పలేనన్నాడు.

బయటికి రాగానే బిడ్డ, "బాపూ, ఇగ గా ఆట బంద్ చెయ్. అవ్వ, నువ్వు ఇద్దరు నా తాననే ఉండుండ్రి" అంది.

"బంతి ముందటికి పోతది, పక్కకు పోదు. నాకు ముందటి చూపు మంచిగనే ఉన్నది" అన్నాను.

మా ఆవిడ, నేను బస్సెక్కి వచ్చేశాం. ఊళ్లో దిగాక ఆమె చెప్పింది. "నీ ఎడమ పక్క పొంటి నేను నడుస్త. నేను రాని దినం నువ్వు పోవద్దు."

వేరే దారి లేక ఒప్పుకున్నాను. ఆట మానేస్తే నాకు మిగిలేది సోఫా, టీవీ, చుక్కల మందు. అలా జీవితంలో మొదటిసారి ఆమె మైదానంలో అడుగుపెట్టింది. చేతిలో సంచి, కాళ్లకు నా పాత బూట్లు. నేను బంతిని వెతుక్కుంటుంటే ఆమె పొన్నగంటి కూర తెంపుకునేది. బర్రె అడ్డమొస్తే మోచేత్తో నన్ను పొడిచేది. నేను చూశానులే అని గొణిగేవాణ్ని. నిజానికి చూసేవాణ్ని కాదు.

బతుకమ్మ దగ్గర పడింది. మైదానమంతా బతుకమ్మలో పేర్చే గునుగు పూసింది. ఆ పొద్దున నేనూ, నాతోపాటే రిటైరైన ఇంజనీరు మిత్రుడూ ఆడుతున్నాం. మా ఆవిడ పూల దగ్గర వంగి, "ఆగు, వస్తున్న" అంది. నేను ఆగలేదు. బంతి నేరుగా ముందు కనిపిస్తోంది, ఇంతమాత్రానికి తోడెందుకని నడిచాను. ఎడమ పక్క వేరే జట్టు ఆడుతోంది. ఎవరో "ఫోర్!" అని అరిచారు. బంతి మీదికొస్తోంది, చూసుకోండని దానర్థం. తలెత్తి చూశాను. ముందు ఏమీ లేదు. నాకు కాదులే అనుకున్నాను.

అప్పుడు వెనక నుంచి నా పేరు వినపడింది. ముందూ వెనకా ఏ మర్యాదా లేని ఉత్త పేరు, గొంతు చించుకుని అరిచినట్టు.

టక్కున ఆగిపోయాను. బుయ్యిమని గాలి ముక్కు ముందు నుంచి దూసుకుపోయింది. ఆ వెంటనే కుడి వైపు తుమ్మ మొద్దుకు బంతి టప్పున తగిలింది.

పెళ్లయిన నాటి నుంచి నా పేరు మా ఆవిడ నోట వినలేదు. మా దిక్కు ఆ తరం ఆడవాళ్లు భర్త పేరు పలకరు, పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని భయం. ఆస్పత్రిలో, రేషన్ దుకాణంలో ఎవరడిగినా పక్కవాళ్లతో చెప్పించేది. "ఆగు" అని అరిచి ఉంటే ఆగేవాణ్ని కాదు. ఆ మాట నేను రోజూ వినేదే.

పూలన్నీ కింద పారబోసుకుని వచ్చి నా ముందు నిలబడింది. ఇంజనీరు వాతావరణం తేలిక చేద్దామని, "పేరు వెట్టి పిలిచినవు గదా వదినా!" అన్నాడు.

"మరేం జెయ్యాలె? 'ఇగో' అంటే గీడున్న ముసలోళ్లందరు మళ్లి చూస్తరు, గీయనొక్కడు చూడడు" అంది. అని ఏడ్చింది.

నాకు భయమేసింది. బంతి తగిలేదని కాదు. అంత దగ్గరికొచ్చిన దాన్ని నేను ఏమాత్రం చూడలేదు. ఎడమ వైపు లోకం నాకు లేదు. డాక్టరు చెప్పినప్పుడు నమ్మలేదు, అప్పుడు నమ్మాను. అక్కడే నిలబడి బిడ్డకు ఫోన్ చేసి, "నువ్వు చెప్పింది నిజమే బిడ్డా, ఎడమ దిక్కు నాకేం కనవడుతలేదు" అన్నాను. పెద్ద కర్రలు ఇంజనీరుకు ఇచ్చేశాను. బ్రౌన్ మీద బంతిని దొర్లించే చిన్న కర్ర ఒక్కటి ఉంచుకున్నాను.

ఇంటికి నడుస్తుంటే ఆమె ఎడమ పక్కకు వచ్చింది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. నలుగురూ చూస్తున్నా తోసెయ్యలేదు.

"ఇంకొక్కసారి పిలువు" అన్నాను.

"ఎందుకు?"

"మంచిగున్నది. ఆయుష్షు తగ్గుతదని భయమా?"

"తగ్గేదుంటే గా బంతితోనే తగ్గుతుండె." నా చేతిని భుజం మీదే సర్దుకుంది. తర్వాత మెల్లగా అంది: "జరంత కనవడుతున్నన్ని దినాలు కండ్లతోని చూస్కో. గది గూడ పోయినంక రోజు పేరు వెట్టే పిలుస్త. నేనేడున్ననో నీకు ఎర్కయితది."