కాడ చూడని హనుమయ్య

హనుమయ్య పుట్టగొడుగులు కోయడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. చదివింది ఏడో తరగతి. భార్య శేషుకుమారి నర్సు. ఆమె వీసా మీదే ఆయనా ఆస్ట్రేలియా వచ్చాడు. ఆమె రౌస్ హిల్‌లో ముసలివాళ్ల హోంలో చేరింది. ఈయన, వాళ్లుండే ద పాండ్స్‌కి అరగంట దూరంలో, పుట్టగొడుగులు పెంచే షెడ్లలో చేరాడు. మసక వెలుతురు, తడి ఎరువు వాసన, అరల మీద అరలుగా తెల్లటి గుండ్లు. వేళ్లతో పట్టుకుని ఒక తిప్పు, చాకుతో ఒక కోత. కాడ బకెట్లోకి, గొడుగు డబ్బాలోకి. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా అదే. నడుం పట్టేసింది, బొటనవేలు వంకరపోయింది. అయితే ఆ షెడ్లో ఆయనంత వేగంగా కోసేవాడు మాత్రం ఇంకొకడు లేడు.

ఒక్క సంగతి ఆయనకు అంతుబట్టేది కాదు. పక్క వరసలో కోసే దనూతా, అరవై దాటిన పోలండ్ ఆవిడ, అక్కడి పుట్టగొడుగు ఒక్కటి కూడా ఇంటికి తీసుకెళ్లదు. "ఇవి ఉత్త నీళ్లు" అంటుంది. ఏప్రిల్లో అక్కడ చలిగాలి మొదలైతే చాలు, ఆదివారాలు కొండలు దాటి ఓబరన్ దగ్గర పైన్ అడవులకి పోతుంది. అంత దూరం పోయి తెచ్చుకునేది ఏమిటో చూడాలని హనుమయ్యకు ఎన్నాళ్లుగానో ఉంది. ఈసారి నోరు తెరిచి అడిగేశాడు.

"రా, నీ భార్యని కూడా తీసుకురా. నేను మాత్రం కోసి పెట్టను" అంది దనూతా.

ఆ ఆదివారం ముగ్గురూ వెళ్లారు. అడవి అంటే అడ్డదిడ్డంగా ఉంటుందనుకున్నాడు హనుమయ్య. ఇక్కడ చెట్లు తాడు పట్టి నాటినట్టు వరసగా ఉన్నాయి. నేలంతా సూదుల్లాంటి ఎండిన పైన్ ఆకులు, కాలేస్తే మెత్తగా దిగబడుతోంది. ఒకచోట నేల కొంచెం ఉబ్బి కనబడితే దనూతా వంగి సూదులు పక్కకి తోసింది. కింద కాషాయం రంగు గొడుగు, దాని మీద ముదురు వలయాలు. తిరగేసి, మడతల మీద చాకుతో గీసింది. క్యారట్ రసంలాంటి పాలు బొట్లుబొట్లుగా ఊరాయి.

"పాలు కారేదాన్ని తింటారటండీ?" శేషుకుమారి మొగుడి చెవిలో అంది. "మనవైపు జిల్లేడు పాలంటే పిల్లల్ని ఆమడ దూరం పెడతాం."

"నన్నడిగితే నాకేం తెలుసు? నేను కోసేవాటికి పాలూ లేవు, నీళ్లూ లేవు."

హనుమయ్య తనకొచ్చిన ఇంగ్లీషులో ఆ జిల్లేడు మాట చెబితే దనూతా నవ్వింది. "తెల్లపాలు వస్తే నేనూ ముట్టను. ఈ రంగు వస్తేనే బుట్టలో వేస్తాను."

హనుమయ్య ఆగలేదు. ఒక వరస పట్టుకుని వంగాడు. కాషాయం రంగు కనబడ్డ చోటల్లా తిప్పు, కోత, బుట్ట. గంట తిరిగేసరికి బుట్ట నిండిపోయింది. షిఫ్టులో కూడా చెయ్యి ఇంత హుషారుగా ఆడలేదు. తెచ్చి దనూతా ముందు పెట్టాడు.

ఆవిడ వాటిని దుప్పటి మీద గుమ్మరించి, ఒకటి తిప్పి చూసింది, ఇంకొకటి చూసింది.

"వీటి కాళ్లేవి?"

"కాడలా? కోసి పారేశాను. షెడ్లో అంతేగా."

"షెడ్లో మనం వేసిన విత్తనమే మొలుస్తుంది. ఇక్కడ ఎవరు వేశారు?"

కుప్పలోంచి రెండు గొడుగులు పక్కకి తీసింది. గోధుమ రంగు, అంచు లోపలికి చుట్టుకుపోయి ఉంది. గీస్తే చుక్క కారలేదు, గీత మాత్రం నల్లబడింది. "ఇది తిని మా ఊళ్లో ఒకాయన మంచం పట్టాడు. మళ్లీ లేవలేదు" అంది. తర్వాత కుప్ప మొత్తాన్ని, మంచివీ చెడ్డవీ అని చూడకుండా, చెట్ల మధ్యకి విసిరేసింది.

"ఇద్దరినీ ఒకే పూటలో పైకి పంపించేసేవారే, ఫాస్టెస్ట్ పికర్ గారూ" అంది శేషుకుమారి.

హనుమయ్య చెట్ల మధ్య చెల్లాచెదురైన గొడుగులకేసి చూశాడు. తొమ్మిదేళ్లలో ఎన్ని లక్షలు కోసి ఉంటాడో. ఒక్కదాని కాడైనా పట్టుకుని చూశాడా అని ఆలోచిస్తే, గుర్తుకు రాలేదు.

"మళ్లీ వెళ్లు. పది చాలు. ఏది ఏమిటో నువ్వే చెప్పాలి" అంది దనూతా.

"ఆవిడ చెప్పినందుకు తినను నేను" అంది శేషుకుమారి. "వార్డుల్లో విషం తిన్నవాళ్లని చూసిన దాన్ని. మీకు ఖాయంగా తెలిస్తే చెప్పండి, అప్పుడు తింటాను. లేదంటే పెరుగన్నం డబ్బా ఎలాగూ ఉంది."

ఈసారి హనుమయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. మోకాళ్లు కలుక్కుమన్నాయి. సూదులు తీసి, వేలు కిందికంటా పోనిచ్చి, మొదలుతో సహా పైకి లాగాడు. పొట్టి కాడ, ఒంటినిండా స్ఫోటకం మచ్చల్లా కాషాయం గుంటలు. విరిస్తే లోపల గొట్టంలా బోలు. గీస్తే ఆ రంగు పాలే. తన బొటనవేలు నొక్కుకున్న చోట కాసేపటికి ఆకుపచ్చగా మారింది. కుళ్లిందేమోనని పారేయబోయి, దనూతా బుట్టకేసి చూశాడు. అందులోవన్నీ అలాంటి ఆకుపచ్చ మరకలతోనే ఉన్నాయి. "ఓహో, నీ వాటం ఇదా" అనుకుని బుట్టలో పెట్టాడు.

అలా ఒకటి, రెండు, ఆరు. ఏడోదాని రంగు సరిపోయింది, వలయాలూ సరిపోయాయి. గీస్తే పాలు రాలేదు. మళ్లీ గీశాడు, వాసన చూశాడు. దనూతా మొహం చూశాడు. ఆవిడ కళ్లయినా కదపలేదు.

"అదేనా?" అంది శేషుకుమారి.

"అదే అయ్యుండొచ్చు."

"అయ్యుండొచ్చంటే, తిననా? మాననా?"

చేతిలో ఉన్నదాన్ని ఆయన చాలాసేపు తిప్పాడు. పెద్దది, అది ఒక్కటి చాలు కూరకి. "ఆ ఆరూ తెలుసు. ఇది తెలీదు" అని, దాన్ని సూదుల మీద పెట్టేశాడు.

దనూతా అప్పుడు నవ్వింది. "అదీ మంచిదే. ముసలిదైపోయి పాలు ఎండిపోయాయంతే." బుట్టలోని ఆరింటినీ ఒక్కొక్కటే తిప్పి చూసి ఇచ్చేసింది. "కానీ నువ్వు వదిలేశావు. వచ్చే ఆదివారం కూడా రా."

కారు పక్కన గ్యాస్ పొయ్యి వెలిగించి వెన్నలో వేయించారు. వెన్న అంతా కాషాయం రంగుకి తిరిగింది. ముందు తను తిని, పెళ్లాన్ని రేపటిదాకా ఆగమందామని హనుమయ్య మనసులో అనుకున్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చేలోపే శేషుకుమారి ఒక ముక్క నోట్లో వేసుకుంది.

"ఉండవే, ముందు నేను..."

"మీరు తెలుసన్నారుగా" అంది నములుతూ.

"ఎలా ఉంది?"

ఆమె ఇంకాస్త నమిలింది. "కరకరలాడుతోంది. జీడిపప్పులా... కాదు, అదీ కాదు. ఉండండి, ఇంకోటి తింటేగాని చెప్పలేను."