కల్వర్టు దాటని ప్రాజెక్టమ్మ

ముందు నా రాతకి మన్నించాలి. మా ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివినవాణ్ణి. ఒత్తులు ఎక్కడో ఒకచోట తప్పుతాయి. చదివేవారు సర్దుకుని చదవండి.

ప్రాజెక్టమ్మ పోయింది. పోయిన వారం ఆమె తమ్ముడు శ్రీకాకుళం నుంచి ఫోను చేసి చెప్పాడు. కొన్నాళ్ళుగా ఒంట్లో బాగోలేదట. ఆమె పనిచేసిన ఊళ్ళవాళ్ళు తలో నాలుగు మాటలు రాసి పంపితే అచ్చువేసి అందరికీ పంచుతామన్నాడు. "సరే బాబూ" అని ఫోను పెట్టేశాను. నాకు మాటలు తక్కువ. పక్కనే చింతపండు పిక్కలు తీస్తున్న మా ఇంటిది అంతా విని చేట పక్కన పెట్టింది. తర్వాత, "ఇంక నువ్వు పిలుద్దామన్నా ఆయమ్మ నేదు" అంది.

అది నిజం. ఆమెను నేను ఒకసారి ఊళ్ళోకి పిలవాల్సింది. పిలవలేదు. ఆ సంగతే రాస్తున్నాను.

మాది భావనపాడు వైపు, ఉప్పుటేరుకి ఇవతల చిన్న ఊరు. కాస్త వరి, మెట్ట మీద జీడి, వేరుశనగ. ఏ నుయ్యి తవ్వినా ఉప్పునీళ్ళే. తాగే నీళ్ళకి ఆడవాళ్ళు సరుగుడు తోటలు దాటి ఇసకలో చెలమల దగ్గరికి పోయేవారు. చెలమ అంటే ఇసకలో తవ్విన గుంట. ఊరిన నీటిని కొబ్బరిచిప్పతో తోడి బిందెలో పోసుకోవాలి. ఒక్క బిందె నిండేసరికి పొద్దు బారెడు ఎక్కేది.

ఐరోపా దేశాల ప్రభుత్వాలు పేద దేశాల కోసమని కొంత సొమ్ము తీసి పెడతాయట. అందులో కొంత మా తీరానికి వచ్చింది. ఇక్కడ ఆ పనులు చూసే సంస్థ తరఫున ఆమె మా ఊరికి వచ్చేది. పేరు చెప్పింది గాని ఎవరికీ నోట నిలవలేదు. ప్రాజెక్టు నుంచి వచ్చినామె కాబట్టి ప్రాజెక్టమ్మ. శ్రీకాకుళంలో సంగీతం చెప్పుకునే వాళ్ళింటి పిల్ల. మాకన్నా చాలా చిన్నది. వచ్చిన రెండో రోజుకే నన్ను మావా అంది, మా ఇంటిదాన్ని అత్తా అంది. చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నడిచేది. గొడుగు తెచ్చేది గాని విప్పేది కాదు, దాని కొసతో నేల మీద పైపు ఎటు పోవాలో గీసేది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఏదో గుర్తొస్తే అరచేతిలో రాసుకునేది. చోడి అంబలి ఇస్తే ఉల్లిపాయ అడిగి మరీ తాగేది.

మా ఊళ్ళో నీటి సంఘం పెట్టించింది ఆమే. సంతకం చేయడం వచ్చని నన్ను ప్రెసిడెంటుని చేశారు. మీటింగులో నేను నోరు విప్పకపోతే, "మావా, నువ్వు తలూపితే మినిట్సు పుస్తకంలో ఏటి రాయను? తల బొమ్మ గియ్యనా?" అనేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

ఒకసారి మా అన్న, "దొరలకి డబ్బెక్కువై పారేస్తన్నారు, మనం ఏరుకుంటన్నాం" అన్నాడు. ఆమెకు కోపం వచ్చింది. "దొరలెవులు పెదమావా? అక్కడ తెల్లారగట్ల లేచి రొట్టెలు కాల్సేవోడి జీతంలో ముక్క అది. ఆడు పన్ను కడితే ఇక్కడికొచ్చినాది. ఆడికీ పిల్లలున్నారు. మనం నిజం సెప్పి తీసుకోవాలి" అంది. రొట్టెలు కాల్చే ఆ మనిషిని నేను చాలాసార్లు ఊహించుకున్నాను. చేతులకి పిండి అంటుకుని, మా అన్నలాగే పొట్టిగా ఉంటాడనుకునేవాణ్ణి.

నిజం చెప్పి తీసుకోవాలన్న ఆ మాట దగ్గరే మేము తప్పాం.

మొదటి విడతలో ఊరికి దూరంగా లోపలి పల్లంలో బోరు వేశారు. తియ్యటి నీళ్ళు పడ్డాయి. అక్కడి నుంచి మా ఊరికి పైపు వేయాలంటే రెండో విడత సొమ్ము రావాలి. అది ఇవ్వాలో వద్దో చూడ్డానికి ఐరోపా నుంచి ఒకామె వస్తుందన్నారు. ఆ కబురు తెలియగానే మా అన్న నన్ను పిలిచి, "ఒరే, పెద్దమనుషులు వస్తన్నారు. ఈదిలో కాలీ బిందె ఎదురైతే ఎంత అపశకునం. పని సెడిపోద్ది" అన్నాడు. నాకూ అదే సబబనిపించింది. నేనే ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. రెండు రోజులు ఆడవాళ్ళు చెలమల దగ్గరే కూర్చున్నారు. ప్రతి గుమ్మం ముందూ నిండు బిందెలు, వాటికి పసుపు, కుంకం. ఖాళీవన్నీ మా పశువుల సాలలో గడ్డి కింద దాచాం.

జీపు దిగగానే ప్రాజెక్టమ్మ వీధి ఆ చివర నుంచి ఈ చివరి దాకా చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను నేల చూశాను.

వచ్చినామె పొడుగ్గా, నెరిసిన జుట్టుతో, మర్యాదగా ఉంది. గుమ్మం గుమ్మానికీ ఆగి బిందెల్లోకి తొంగి చూసింది. గ్లాసుతో ఇస్తే తాగి, బాగున్నాయన్నట్టు తల ఊపింది. పుస్తకంలో ఏదో రాసుకుని ఇంగ్లీషులో నాలుగు మాటలు అంది. ప్రాజెక్టమ్మ మాకు తెలుగులో చెప్పింది.

"మీకు నీళ్ళకి లోటు నేదట. ఇంతకన్నా అవసరమైన ఊరికి ఆ పైపు ఇస్తారట. ఏటి సెప్పమంటారు?"

అందరూ మా అన్న వైపు తిరిగారు. మా అన్న కండువా సర్దుకుని, "మా ఊరొచ్చినోళ్ళు దాహంతో ఎల్లరని సెప్పు" అన్నాడు.

ఆమె ఆ మాట చెప్పలేదు. మా పశువుల సాలలోకి పోయి, ఒక ఖాళీ బిందె చంకన పెట్టుకుని, తిన్నగా ఆ విదేశీ ఆమెకు ఎదురు వచ్చింది. వీధిలో ఆడవాళ్ళు నోటికి చెంగులు అడ్డం పెట్టుకున్నారు.

"ఒసే, సుట్టాలకి కాలీ బిందె ఎదురెడతావేటే?" అని మా అన్న అరిచాడు.

"ఇదే మీ ఊరు పెదమావా. నిండినయ్యి సూపించినారు కదా, ఇదీ సూడనీ."

ఆ విదేశీ ఆమెను వెంటబెట్టుకుని చెలమల దగ్గరికి నడిపించింది. వాళ్ళు తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఇద్దరూ వంతులేసుకుని బిందె మోసుకొచ్చారు. ఆ విదేశీ ఆమె మొహం ఎర్రగా కందిపోయింది. బిందె మా గుమ్మం ముందు దించి, ఎవరి వంకా చూడకుండా జీపెక్కింది.

మా అన్న అరుగు మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఊరంతా నావైపే చూస్తోంది. నేను జీపు దగ్గరికి పోయాను. జన్మలో ఎవరినీ గట్టిగా అననివాణ్ణి. "మా పరువు తీసీసినావు. ఇంక మా ఊళ్ళో అడుగెట్టకు" అన్నాను.

ఆమె చెప్పులకి అంటిన ఇసక దులుపుకుంది. "అలాగే మావా. పైపు అడుగెడతాది" అంది.

పైపు వచ్చింది. ఆమె రాలేదు. ఊరికి ముందు ఉప్పుటేరు మీద కల్వర్టు ఉంది. జీపు దాని అవతలే ఆపించేది. పైపు కోసం తవ్విన కందకం లోతు చూడాలన్నా, మనిషిని పంపి నన్నే పిలిపించేది. కల్వర్టు గోడ మీద కూర్చుని పనంతా మాట్లాడేది. ఏనాడూ పాత మాట ఎత్తలేదు. లేచేముందు, "అత్త మోకాళ్ళు ఎలాగున్నాయి మావా?" అని అడిగేది. "ఉన్నాయి" అనేవాణ్ణి. ఆమె నవ్వేది. నవ్వితే పైవరస పన్ను ఒకటి పక్క పన్ను మీదికి ఎక్కి కనపడేది. ఆ గోడ మీద ఆమె కూర్చుంటే ఆ రోజు పనికి నాకు అలుపు ఉండేది కాదు. ఇది నేను ఎవరికీ చెప్పలేదు.

కొళాయిలు విప్పిన రోజు ఊరు ఊరంతా అక్కడే ఉంది. మొదటి బిందె మా ఇంటిది పట్టింది. పట్టి, "ఆయమ్మ అవతల కూకున్నాది. పిలూ" అంది. నేను కల్వర్టు దాకా నడిచాను. దారి పొడుగునా ఆ ఒక్క మాటే నోట్లో తిప్పుకున్నాను, రామ్మా అని. ఎదురుగా నిలబడ్డాక, "నీళ్ళొచ్చినాయి" అన్నాను.

"తీపిగున్నాయా?"

"ఉన్నాయి."

ఆమె ఇంకా ఏదో వింటానన్నట్టు చూసింది. నేను నిలబడ్డాను. చివరికి ఆమే, "ఎల్లు మావా, నీ కోసం సూస్తంటారు" అంది. వెనక్కి వచ్చేశాను. మా ఇంటిది అడిగితే ఆమెకేదో పనుందట అన్నాను. నమ్మలేదు. తనే చెంబుతో నీళ్ళు పట్టుకుని కల్వర్టుకి పోయింది. ఆమె చెంబెడూ ఆపకుండా తాగిందని తిరిగి వచ్చి చెప్పింది.

కొన్నేళ్ళకి ఆ సొమ్ము ఆగిపోయింది. ఆ కబురు చెప్పడానికీ ఆమె కల్వర్టు దగ్గరికే వచ్చింది. సంఘంవాళ్ళం పదిమందిమి వెళ్ళాం. మన దేశం ఇప్పుడు మునుపటంత పేదది కాదని, ఆ దేశాలవాళ్ళు ఇంకా లేనివాళ్ళకి ఇవ్వాలనుకుంటున్నారని చెప్పింది.

"అయితే మనం డబ్బున్నోళ్ళం అయిపోనామేటి?" అన్నాడు మా అన్న. అప్పటికి అతని కోపం పోయింది. "ఎవులైనా ఇంటికొచ్చి సెప్పాలి కదేటి. నాకు తెలీక పాత పంచే కట్టుకుంటన్నాను."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. తర్వాత ఉప్పుటేరు వంక చూస్తూ, "పోనీ పెదమావా. ఎక్కడో ఇంకో ఊళ్ళో ఇసక తవ్వుకుంటన్నారు. ఆళ్ళకి మన వంతు ఎల్లనీ" అంది. ఆ సొమ్ము ఆగితే ఆమె జీతమూ ఆగుతుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. తట్టి ఉంటే అలా జోకులు వేసేవాళ్ళం కాదు. తర్వాత ఆమె ఇంట్లో పిల్లలకి సంగీతం చెప్పుకుంటోందని విన్నాం.

మా అన్న పోయాడు. సాయంత్రాలు నేను ఊరికే కల్వర్టు దాకా పోయి వస్తుంటాను. అక్కడ పనేమీ ఉండదు. జీపు చప్పుడు వినిపిస్తే ఇప్పటికీ తల తిప్పుతాను. చేపల బండి అవుతుంది, లేకపోతే ఇంకొకటి.

పోయిన ఏడు కంటి పరీక్షకి శ్రీకాకుళం వెళ్ళి బస్సులో తిరిగి వస్తున్నాను. బజారులో బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తే ఆమె. ఎంత చిక్కిపోయింది. రోడ్డు పక్క గోనె మీద కూరలు పెట్టుకున్నామె దగ్గర వంగి తోటకూర కట్ట తీసుకుని, నీళ్ళు విదిలిస్తోంది. నాకూ ఆమెకూ మధ్య పది అడుగులు కూడా లేవు. కిటికీ ఊచ పట్టుకున్నాను. నోరు తెరిచాను కూడా. బస్సు కదిలింది. ఆమె తల ఎత్తి బస్సు వైపు చూసింది. నన్నే చూసిందో, చప్పుడుకి చూసిందో తెలియదు. నాగావళి వంతెన ఎక్కేదాకా మెడ తిప్పుకునే ఉన్నాను. ఆమె అక్కడే నిలబడి ఉంది, చేతిలో తోటకూర కట్ట, కిందికి నీళ్ళు కారుతూ.

ఇది చదివేవాళ్ళలో ఆమెతో పనిచేసినవాళ్ళు ఉంటారు. ఆమె ఇంటివాళ్ళూ ఉంటారు. ఎప్పుడైనా మీ దగ్గర మా ఊరి మాట ఎత్తిందా? నేను పిలిచి ఉంటే వచ్చేదా? కోపంగా అన్న మాటైనా సరే, ఉన్నదున్నట్టు నాకొక ముక్క రాయండి. కళ్ళు ఇంకా కనిపిస్తున్నాయి. బేగి రాయండి.