చేపల తట్టలో ఫిల్టరు

నరసన్నపేట బస్టాండులో నా పక్కన కూర్చున్న చేపలమ్మే ఆవిడ ఖాళీ తట్టలో చిన్న స్పీకరు ఉంది. ఫోనులో రికార్డు చేసుకున్న తన కేకను వీధుల్లో వినిపించే పెట్టె అది. ఫోను నుంచి దానికి వెళ్లే తీగ మధ్యలో టేపు చుట్టి ఉంది.

"ఏమిటది?" అన్నాను.

"బుస మోత ఆపే పిల్టరు బాబూ."

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్తాను. "ఎవరు చేసిపెట్టారు?" అని అడిగాను.

ఆవిడ టేపు ఊడదీసి, లోపలున్న చిన్న రెసిస్టరునూ కెపాసిటరునూ పీకి నా ఒళ్లో పడేసింది. తీగలు నేరుగా కలిపి ఫోను నొక్కింది. "సేపలమ్మా సేపలు" అన్న కేక నిండా బుసే. మళ్లీ విప్పి రెసిస్టరును తీగ దారిలో పెట్టింది. అది దాటాక కెపాసిటరు ఒక కాలు ఆ తీగకు, రెండో కాలు ఎర్తు తీగకు మెలేసింది. బుస పోయి గొంతు మిగిలింది.

"ముందు కెపాసిటర్ని దారిలో ఎట్టేసినాను. నా గొంతు పోయి బుసే మిగిలినాది. రెండిటి సోటూ మార్సినాను. మరీ పెద్దదెడితే గొంతు మూసుకుపోనాది. సిన్నవి మార్సి మార్సి సూసినాను."

"లెక్క కట్టారా?"

"సెవులున్నాయి గదా! రిపేరు సాపోడు కొత్త బాక్సు కొనుక్కోమన్నాడు. నానెందుకు కొంతాను?"

బస్సు వచ్చింది. ఆవిడ తట్ట ఎత్తుకుంది.

"ఇంకోపాలి ఎవులు సేసినారని అడక్కు. ఎలా సేసినావని అడుగు."

తట్టలో కేక ఇంకా మోగుతుంటే, కండక్టరు ఆ పాట కట్టెయ్యమని అరిచాడు. ఆవిడ సౌండు పెంచి బస్సెక్కింది.