అరవై ఒకటో రోజు

నిన్న పొద్దున అక్క నంగునూరు నుంచి ఫోన్ చేసింది. ఇంటికి రంగులు వేయిస్తోందట, సజ్జ మీది సామాను దించడానికి మనిషి కావాలట. “ఇంకా రెండు దినాలున్నవు కదా తమ్మీ, ఒక్క పూట వచ్చి పో” అంది. లెక్క సరిగ్గానే చెప్పింది. ఇరవై నాలుగేళ్లుగా మస్కట్‌లో ఉంటున్న నాకు రెండేళ్లకొకసారి అరవై రోజుల సెలవు. నిన్నటికి యాభై ఎనిమిది అయ్యాయి. సిద్దిపేటలో ఈ సంగతి నాకంటే చూసేవాళ్లకే బాగా తెలుసు. కూరగాయల దగ్గర, మంగలి షాపులో, కోమటి చెరువు కట్ట మీద, ఎవరు ఎదురైనా మొదటి నెలలో “ఎప్పుడొచ్చినవ్?” అంటారు, రెండో నెలలో “ఎప్పుడు పోతున్నవ్?” అంటారు. ఈసారి రెండో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మస్కట్‌లో మా కంపెనీ పని అయిపోయింది. సౌదీలో కొత్త సైటు మొదలైంది. అక్కడికి వస్తావా, లేక మానేసి ఇంటి దగ్గరే ఉంటావా, గురువారం సాయంత్రంలోగా చెప్పమన్నారు. గురువారం అంటే ఈ రోజే.

పది రోజులుగా నేను ఒకచోట కూర్చున్నది లేదు. కట్ట మీద పొద్దున ఆరువేల అడుగులు, సాయంత్రం ఆరువేలు. బాగానే ఉన్న నల్లా విప్పి మళ్లీ బిగించాను. తలుపు గొళ్లేనికి రెండుసార్లు నూనె వేశాను. “జర కూసో, నిన్ను జూస్తుంటె నాకే తల తిరుగుతుంది” అని మా ఆవిడ రెండు మూడుసార్లు అంది. కాబట్టి అక్క పిలవగానే, పని దొరికిందన్న సంతోషంతో బండి తీశాను.

సజ్జ మీద పాత బిందెలు, ఒక విరిగిన కుర్చీ, వాటి వెనక పసుపు రంగు నైలాన్ తాడుతో నిలువునా అడ్డంగా బిగించిన ఒక పెద్ద అట్టపెట్టె. దించి దుమ్ము తుడిస్తే లావు మార్కర్‌తో రాసిన అక్షరాలు బయటపడ్డాయి. బావ పేరు, నంగునూరు మండలం, మెదక్ జిల్లా. ఈ పెట్టెను ఎనిమిదేళ్ల కిందటి సెలవులో మస్కట్ నుంచి తెచ్చింది నేనే. బావ చిరునామా రాసిపెట్టుకున్న నాటికి మాది మెదక్ జిల్లా. పెట్టె ఇల్లు చేరేలోపు మాది సిద్దిపేట జిల్లా అయింది. అప్పుడే దిద్దుదామంటే అక్క ఒప్పుకోలేదు. “ఉండనీ, ఆయనే మొత్తానికే వచ్చినంక దిద్దుకుంటడు, ఆయనే ఇప్పుకుంటడు” అంది. ఎందుకంటే అది ఫైనల్ కార్టన్.

ఫైనల్ కార్టన్ సంగతి బయటివాళ్లకు తెలియదు. మస్కట్‌లో మా గదిలో బావతో కలిపి ఎనిమిది మంది ఉండేవాళ్లం. సెలవు మీద ఇంటికి వచ్చే ప్రతివాడూ ఒక కార్టన్ కట్టుకునేవాడు. సబ్బులు, పాలపొడి, దుప్పట్లు. ఒకడు మోకాలు పెట్టి అదిమితే ఇద్దరు తాడు బిగించేవారు. అది మామూలు కార్టన్. అది కాక ప్రతివాడి మంచం కింద ఇంకొకటి ఉండేది. ఇక శాశ్వతంగా ఇల్లు చేరే రోజున పట్టుకుపోవలసింది. నచ్చిన వస్తువు ఏది కొన్నా అందులో పడేసేవాళ్లం. ఎంత అవసరం వచ్చినా సెలవు కోసం అందులోంచి ఒక్క సబ్బు కూడా తీయకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదుగాని, దాన్ని తప్పినవాణ్ణి నేను చూడలేదు. బావది అందరికంటే పెద్ద పెట్టె. సెంట్రింగ్ వడ్రంగి కదా, లోపల చీమ దూరే సందు కూడా లేకుండా సర్దేవాడు. సర్దినప్పుడల్లా “ఈ రెండేండ్లే బామ్మర్దీ” అనేవాడు. నేను ఆ మాటలను కూడా లెక్కపెట్టాను. నా ఎదుట ఏడుసార్లు అన్నాడు.

నేను చదివింది ఏడో తరగతి. ఇనుప కడ్డీలు వంచే పనికి పోయి, ఇంజినీర్ల వెనక నిలబడి చూసి చూసి, ఏ కడ్డీని ఎంత పొడుగున కోయాలో లెక్కగట్టడం నేర్చుకున్నాను. అందులో కిటుకు ఒక్కటే. వంచిన ప్రతిచోటా కడ్డీ కాస్త సాగుతుంది. ఆ సాగే కొసరును ముందే తీసేసి కోయాలి, లేకపోతే నాలుగు వంపులు తిరిగేసరికి కడ్డీ పొడుగైపోయి చట్రంలో పట్టదు. ఈ విద్య వచ్చాక గదిలో అందరి లెక్కలూ నా దగ్గరికే వచ్చాయి. తొమ్మిదేళ్ల కిందట బావకు కూడా ఇప్పుడు నాకు వచ్చినట్టే కబురు వచ్చింది, సౌదీకా, ఇంటికా అని. ఆయన నా ముందు ఒక ప్లైవుడ్ ముక్క పెట్టి “ఏస్కో లెక్క” అన్నాడు. వేశాను. ఆయన వయసు, మోకాళ్లు ఇంకా ఎన్నేళ్లు ఓపుతాయి, కొడుకు చదువు ఎప్పటికి పూర్తవుతుంది, ఇంటి పైఅంతస్తు ఎప్పటికి లేస్తుంది. కూడితే నాలుగేళ్లు తేలింది. “నాలుగేండ్లు పోయి రా బావా” అన్నాను. కార్టన్‌ను నాకు అప్పగించి సౌదీకి వెళ్లిపోయాడు. అంకెలన్నీ సరిగ్గానే వేశాను. కాని ఆ ప్లైవుడ్ ముక్క మీద అక్క లేదు. ఆమెకు ఏ అంకె వేయాలో నాకు తోచలేదు, అందుకని వదిలేశాను.

నిన్న అక్క కత్తిపీట తెచ్చి నా ముందు పెట్టింది. “కొయ్యిరా” అంది.

“బావ వచ్చినంక...” అన్నాను.

“ఆయన వచ్చేసరికి ఎలుకలే ఇప్పుతయి. నాలుగేండ్లని లెక్క చెప్పింది నువ్వే కాదురా? తొమ్మిదైంది. నీ లెక్కల ఐదేండ్లు ఏడికెల్లి వచ్చినయో జర చెప్పు.”

ప్రతి వంపు దగ్గరా కొసరు తీసేసి కోసేవాణ్ణి, మనిషి విషయంలో తీయడం మరిచిపోయాను. తాడు కోశాను.

పైన పులిబొమ్మ దుప్పటి, మడత మడతకూ చిరిగిపోతోంది. దాని కింద అరబ్బీ పేపర్లో చుట్టిన ఇత్తడి తలుపు పిడులు. మన గోడ బోర్డుల్లో దూరని మూడు లావు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డు. ఇప్పుడు ఎవరి ఇంట్లోనూ లేని తీగల ఫోను. ఇవన్నీ నేను ఊహించినవే. అడుగున మాత్రం వేరే సంగతులున్నాయి. కొత్త లుంగీలు రెండు, గడ్డం గీసుకునే అద్దం, పెద్ద చాయ్ కప్పు ఒకటి, ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పుల జత. ఎవరికో తెచ్చే బహుమతులు కావవి. నంగునూరులో పొద్దున లేచి గడపలో కూర్చుని చాయ్ తాగబోయే మనిషికి కావలసినవి. అక్క చెప్పులను చీర కొంగుతో తుడిచి తలుపు దగ్గర పెట్టింది. పెట్టీపెట్టగానే ఒకదాని పట్టీ విరిగి పొడిపొడిగా రాలింది.

వీడియో కాల్ చేస్తే బావ సైటు నీడలో కూర్చుని ఉన్నాడు. గడ్డం మొత్తం తెల్లబడింది. “ఇప్పిన్రా? నన్నడగకుంట ఎట్ల ఇప్పుతరే? చెప్పులు పారెయ్యకు, తొమ్మిది సైజు, మంచి కంపెనీ!”

“ఏసుకునేటోడు లేంది సైజెందుకు? నీ కంపెనీ ఒట్టిగనే పొడైంది, చూడు” అని అక్క ఫోన్‌ను చెప్పుల మీదికి తిప్పింది.

బావ నాతో, “బామ్మర్దీ, నువ్వు గీడికే వచ్చెయ్. ఒకటే రూములుందం. ఈ రెండేండ్లే” అన్నాడు. ఎనిమిదోసారి. ఆ మాట వినగానే నాకు వెళ్లాలనే అనిపించింది, నిజం చెప్పాలి. ఆ గది, ఆ సాయంత్రపు వంట, కడ్డీల లెక్క నా చేతిలో ఉండడం, పనిలో నా మాటకు ఇంజినీర్లు తల ఊపడం. అక్కడ నేనెవరో నాకు తెలుసు. సిద్దిపేటలో నేను “ఎప్పుడు పోతున్నవ్” మనిషిని.

ఇంటికి వచ్చి పెళ్లిపత్రిక వెనక లెక్క వేస్తూ కూర్చున్నాను. బావ లెక్కలో చేసిన తప్పు మళ్లీ చేయకూడదని ఈసారి మా ఆవిడ నుంచే మొదలుపెట్టాను. మొదటి సెలవులో ఇరవయ్యో రోజున మా పెళ్లయింది. ఆ సెలవులో నలభై ఒకటి, ఆ తర్వాత పదకొండు సెలవులకు ఆరువందల అరవై. మొత్తం ఏడువందల ఒకటి. “మనం కలిసున్నది ఏడునూట ఒక్క దినం, ఎల్లుండి గడిస్తే” అని చదివి వినిపించాను.

ఆమె పప్పు ఏరుతూ తల ఎత్తలేదు. “గంత ఏడుంది? నీ అరవైల మొదటి పది నీ దోస్తులకు, చుట్టాలకు. చివరి పది కార్టన్ కట్టుడుకు, కబుర్లకు. అవి తియ్యి.”

తీశాను. అయితే మొదటి సెలవులో మొదటి పది రోజులు పెళ్లికి ముందువి, వాటిని తీయకూడదని ఆమెకు వివరించాను. “సరే తియ్యకు” అంది. రెండువందల ముప్పై పోను నాలుగువందల డెబ్బై ఒకటి మిగిలింది. ఏడాది, పైన మూడున్నర నెలలు. “అయితే మనం కొత్త జంటనే” అని నవ్వింది. నవ్వి, పప్పులోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టి, “ఉండుమని చెప్తలేను. పోతె మాత్రం, ఎప్పుడొస్తవో లెక్క చెప్పి పోకు” అంది.

ఈ సాయంత్రం కంపెనీకి ఫోన్ చేసి రానని చెప్పాను. ఆ తర్వాత మస్కట్‌లో నా గదిలో ఉన్న కుర్రాడికి చేశాను. నా మంచం కింద కూడా ఒక ఫైనల్ కార్టన్ ఉంది. ఇరవై నాలుగేళ్లది. దాన్ని తెరిచి, అందులో ఏముంటే అది పంచుకోండని చెప్పాను. “అన్నా, అది ఫైనల్ కదనే! అది లేకుంట ఇంటికి ఎట్ల పోతవ్?” అని వాడు హడలిపోయాడు. “పోవుడేందిరా, ఇంట్లనే ఉన్న” అన్నాను. ఫోన్ పెట్టేశాక కాళ్లు ఊరుకోలేదు. కట్ట మీదికి వెళ్లి మరో మూడువేల అడుగులు వేసి వచ్చాను. వచ్చేదారిలో మంగలి షాపు అతను “రేపేనా పోవుడు?” అని అడిగాడు. కాదన్నాను. “మరెప్పుడు?” అన్నాడు.

రేపు అరవై. ఎల్లుండి అరవై ఒకటి. పన్నెండు సెలవుల్లో ఒక్కసారి కూడా నేను ఈ ఊళ్లో అరవై ఒకటో రోజును చూడలేదు. అది ఎంత పొడుగుంటుందో, ఏ వంపు దగ్గర ఎంత సాగుతుందో, ముందే కొలిచి కోసుకునే లెక్క నా దగ్గర లేదు.