యాదగిరి టేపు

నేను ఐదో తరగతి వరకే చదివాను. పత్రికకు రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి.

సైబర్ టవర్స్ కొత్తగా కట్టిన రోజుల్లో మాదాపూర్‌లో కారు డ్రైవర్‌గా చేసేవాడిని. మా సార్లు వెళ్లే క్లబ్బులో శనివారం సాయంత్రాలు కుర్రాళ్లు గిటార్లు మోగిస్తూ గొంతు చించుకుని పంక్ అనే ఇంగ్లీషు పాటలు పాడేవారు. ముక్క అర్థం కాకపోయినా మా డ్రైవర్లకు అవంటే పిచ్చి. తోటి డ్రైవర్ యాదగిరి వాటిని టేపు చేసి అందరికీ కాపీలు పంచేవాడు. ఎవరి కారులో విన్నా అతని క్యాసెట్టే. నాకు కడుపు మండిపోయేది.

ఒక శనివారం నేనూ టేప్‌రికార్డరు తెచ్చి, క్లబ్బు కిటికీ దగ్గర పెట్టి అన్ని పాటలూ రికార్డు చేశాను. సోమవారం పార్కింగులో అందరినీ పిలిచి, నా కారులో వినిపించాను. పాట మంచి ఊపులో ఉండగా నా గొంతే వినపడింది. ఆ రోజు పక్కనున్న వాచ్‌మన్‌తో నేనన్న మాట అది.

"యాదగిరిగాని టేపు ఇగ ఎవడింటడే? వానిదంత గరగర. నాది సూడు, ఎంత సాఫొస్తదో."

అందరూ యాదగిరి వైపు తిరిగారు. నేను గబుక్కున టేపు ఆపేశాను. అతను మాత్రం నవ్వుతూ, "అన్నా, నాకో కాపీ ఇయ్యరాదే. పాటల నా పేరొచ్చింది" అన్నాడు.

అందరూ కాపీలు అడిగి తీసుకున్నారు. కానీ నేను చేసిన ఆ క్యాసెట్టును పాత డ్రైవర్లు ఇప్పటికీ "యాదగిరి టేపు" అనే అంటారు. విన్నప్పుడల్లా మళ్లీ కడుపు మండుతుంది.